సంతోషంగా లేకపోవడం నేరమేమీ కాదు

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఎడ్ డీనర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1985లో సహచరులతో కలిసి ఒక చిన్న ప్రశ్నావళిని ప్రచురించారు. అందులో ఉన్నవి ఐదే వాక్యాలు. నా జీవితం నేను కోరుకున్న తీరుకు దగ్గరగా ఉందా, నా పరిస్థితులు బాగున్నాయా, తృప్తిగా ఉన్నానా, ముఖ్యమనుకున్నవి ఇప్పటివరకు దక్కాయా, మళ్లీ మొదటి నుంచి బతికే వీలుంటే ఏమైనా మార్చుకుంటానా. వాటి సారాంశం ఇదే. ఒక్కో వాక్యానికి 1 నుంచి 7 వరకు అంకె వేయాలి. మొత్తం 5కు, 35కు మధ్య ఎక్కడో తేలుతుంది.

ఆ కాగితం మీద నాకు చాలా గౌరవం. బతుకు ఎలా ఉందో తేల్చే పనిని అది బతికే మనిషికే వదిలేసింది. ఎంత సంపాదిస్తున్నావు, ఇల్లు కొన్నావా, పిల్లలు ఎంతవరకు వచ్చారు అని అడగదు. చుట్టూ ఉన్నవాళ్లంతా పైపైన చూసి "నీకేం తక్కువ" అనేసే చోట, అది "నీకెలా ఉంది" అని అడిగి, చెప్పిన జవాబును నమ్ముతుంది. సంతోషం గురించిన అధ్యయనం చాలావరకు ఆ నమ్మకం మీదే నిలబడింది.

తర్వాత 1998లో, అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉన్న మార్టిన్ సెలిగ్‌మన్, మానసిక రుగ్మతలతో పాటు మనిషిని నిలబెట్టే గుణాల మీద కూడా పరిశోధన జరగాలని పిలుపునిచ్చారు. సానుకూల మనస్తత్వశాస్త్రం అలా ఊపందుకుంది. ఆ పిలుపు న్యాయమైనదే. శాస్త్రంతో నాకు పేచీ లేదు, దాని పేరు చెప్పి సాగే హితబోధతోనే ఉంది. అధ్యయనం అడిగిన ప్రశ్నను హితబోధ ఆజ్ఞగా మార్చేసింది. సంతోషంగా ఉండాలి, లేకపోతే లోపం నీ ఆలోచనలోనే ఉంది అంటోంది.

ఉద్యోగం పోయినవారి సంగతే చూడండి. జర్మనీలో 24,000 మందికి పైగా ప్రజలను 15 ఏళ్లపాటు ఏటా ప్రశ్నించిన సర్వే ఒకటి ఉంది. రిచర్డ్ లూకస్, డీనర్, మరికొందరు కలిసి 2004లో ఆ సమాచారాన్ని విశ్లేషించారు. పని పోయినప్పుడు జీవితం పట్ల తృప్తి పడిపోవడం ఎవరైనా ఊహించేదే. ఊహించనిది ఆ తర్వాత జరిగింది. మళ్లీ పని దొరికినా, సగటున వారి తృప్తి పాత స్థాయికి పూర్తిగా చేరుకోలేదు. మనిషి దేనికైనా అలవాటు పడిపోతాడు, కాలమే మాన్పుతుంది అన్న ఓదార్పు ఇక్కడ పూర్తిగా పనిచేయలేదు. అలాంటి దెబ్బ తిన్న మనిషి చేతికి పుస్తకమిచ్చి, కృతజ్ఞత కలిగించే విషయాలు రాసుకో అంటే సరిపోతుందా? అలా రాసుకోవడం వృథా అని నేననను. ఎమన్స్, మెకలా అనే పరిశోధకులు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, చికాకులు రాసుకున్నవారి కంటే కృతజ్ఞత కలిగించే సంగతులు రాసుకున్నవారు తమ జీవితం మెరుగ్గా ఉందని చెప్పారు. అది మంచి అలవాటు. కానీ పోయిన జీతానికీ, పోయిన పరువుకీ అది జవాబు కాదు.

హితబోధ చేసేవారికి అంకెలంటే మహా ప్రీతి. 2005లో బార్బరా ఫ్రెడ్రిక్‌సన్, మార్సియల్ లొసాడా అనే పరిశోధకులు ఒక వ్యాసం రాశారు. ప్రతి ప్రతికూల భావానికి 2.9013 సానుకూల భావాలు ఉంటేనే మనిషి వికసిస్తాడని అందులో లెక్క తేల్చారు. నాలుగు దశాంశ స్థానాల దాకా! ద్రవాల ప్రవాహాన్ని వర్ణించే గణిత సమీకరణాలను తెచ్చి మనసుకు తగిలించారు. ఆ నిష్పత్తి శిక్షణ తరగతులకూ ఉపన్యాసాలకూ పాకింది. ఏళ్ల తరబడి దాన్ని గట్టిగా నిలదీసినవారు అరుదు. చివరికి నిక్ బ్రౌన్ అనే వ్యక్తికి లెక్క కుదరడం లేదని అనుమానం వచ్చింది. ఆయన అప్పటికి నడివయసులో ఉండి, తూర్పు లండన్‌లో ఈ సానుకూల మనస్తత్వశాస్త్రం మీదే పార్ట్ టైమ్‌గా మాస్టర్స్ చదువుతున్న విద్యార్థి. భౌతిక శాస్త్రవేత్త అలన్ సోకల్, మనస్తత్వ శాస్త్రవేత్త హారిస్ ఫ్రీడ్‌మన్‌లతో కలిసి 2013లో ఆయన ప్రచురించిన విమర్శ ఆ సమీకరణాలకు అక్కడ ఏ ఆధారమూ లేదని చూపించింది. ఆ గణిత భాగాన్ని అధికారికంగా ఉపసంహరించుకోవలసి వచ్చింది. సానుకూల భావాలు మేలు చేస్తాయన్న మిగతా వాదనకు ఫ్రెడ్రిక్‌సన్ కట్టుబడే ఉన్నారు.

ఈ ఉదంతం తెలిశాక ఈ శాస్త్రం మీద నాకు గౌరవం తగ్గలేదు, పెరిగింది. తరగతిలో కూర్చున్న విద్యార్థి తప్పు పట్టగలిగాడు, అది నిలిచింది. డబ్బు విషయంలోనూ అదే జరిగింది. ఆదాయం ఏడాదికి 75,000 డాలర్లు దాటాక రోజువారీ సంతోషం పెరగదని డేనియల్ కానెమన్, ఆంగస్ డీటన్ అనే పరిశోధకులు 2010లో చెప్పారు. పెరుగుతూనే ఉంటుందని 2021లో మాథ్యూ కిలింగ్స్‌వర్త్ చూపించారు. ఇద్దరూ పంతానికి పోలేదు. కానెమన్, కిలింగ్స్‌వర్త్ మరో పరిశోధకురాలిని మధ్యవర్తిగా పెట్టుకుని ఉమ్మడిగా సమాచారం పరిశీలించి, 2023లో కలిసే ఫలితం ప్రకటించారు. చాలామందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే ఉంది. అందరికంటే అసంతృప్తిగా ఉన్న కొద్దిమందిలో మాత్రం ఒక స్థాయి దాటాక ఆగిపోతోంది. డబ్బుతో సంతోషం రాదని తేలిగ్గా చెప్పే ఉపన్యాసకులు ఈ సంగతి చదివితే బాగుండును.

సంతోషాన్ని ఒక్కో మనిషికి ఇంటిపనిలా అప్పగించే పద్ధతి ఎంతవరకు పనిచేస్తోంది? ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ బ్రిటన్‌లో 46,000 మందికి పైగా ఉద్యోగుల సమాధానాలు పరిశీలించి 2024లో ప్రచురించారు. ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, ధ్యానం తరగతులు, మానసిక ఆరోగ్యం యాప్‌లు వాడినవారు వాడనివారి కంటే మెరుగ్గా ఏమీ లేరు. ఒకేసారి తీసుకున్న సమాచారం కనుక కారణమేమిటో ఇది తేల్చదు. అయినా అందులో ఒక మినహాయింపు కనిపించింది. స్వచ్ఛంద సేవ చేసినవారు కాస్త మెరుగ్గా ఉన్నారు. అంటే, ఇంకొకరి కోసం ఏదో చేసినవారు.

షికాగో రైళ్లలో, బస్సుల్లో నికోలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ చేసిన ప్రయోగాలూ (2014) అటువైపే చూపిస్తాయి. పక్కన కూర్చున్న అపరిచితుడితో మాట్లాడమంటే ప్రయాణికులు అది ఇబ్బందిగా ఉంటుందనుకున్నారు. తీరా మాట్లాడినవారే మౌనంగా కూర్చున్నవారి కంటే తమ ప్రయాణం హాయిగా గడిచిందన్నారు. హార్వర్డ్‌లో 1938లో మొదలైన సుదీర్ఘ అధ్యయనం కూడా 50 ఏళ్ల వయసులో అనుబంధాలతో తృప్తిగా ఉన్నవారు 80 ఏళ్ల వయసులో ఎక్కువ ఆరోగ్యంగా ఉన్నారని చెబుతుంది. మొదట్లో అందులో ఉన్నవారంతా మగవాళ్లే, అదీ ఒక్క ప్రాంతంలో ఎంచినవాళ్లే. కాబట్టి దాన్ని వేదవాక్కులా తీసుకోకూడదు. కానీ వేర్వేరు దారుల్లో వెళ్లినవారు ఒకే చోటికి చేరుతుంటే పట్టించుకోకుండా ఉండలేం.

అందుకే సంఘాలు నడిపేవారికి నాదొక విన్నపం. ఆనందంగా జీవించడం ఎలా అన్న ఉపన్యాసం పెట్టండి, తప్పులేదు. వక్త చెప్పిన అంకె ఎంతమంది మీద తేలిందో, మళ్లీ ఎవరైనా పరీక్షించారో లేదో సభలో ఒకరైనా లేచి అడగండి. ఉపన్యాసానికి గంట ఇస్తే, ఒకరికొకరు తెలియనివారు కూర్చుని మాట్లాడుకోవడానికి మరో గంట ఇవ్వండి. ఉద్యోగం పోయినవారు, ఇంట్లో కష్టం వచ్చినవారు తరచు ముందుగా మానేసేది ఇలాంటి చోట్లకు రావడమే. ఈ మధ్య ఎవరెవరు కనబడటం లేదో కార్యవర్గానికి తెలిసే ఉంటుంది. వారికి ఫోన్లు చేసే పని ఈ నెలలోనే ఒకరికి అప్పగించండి. పని వెతుక్కుంటున్నవారికి ఖాళీల సమాచారం అందించే పని ఇంకొకరికి అప్పగించండి.