ఇనుముకున్న గోదాము వడ్లకు లేదాయె

"తేమ పద్దెనిమిదున్నది పెద్దమ్మా, ఇంకో రెండ్రోజులు ఆరబొయ్యి." నల్లగొండ జిల్లా కొనుగోలు కేంద్రాల్లో యాసంగికి ఈ మాట వినబడిందంటే సాయంత్రానికి మబ్బు పట్టిందన్నమాటే. హద్దు 17 శాతం కదా, నియమం నియమమే.

కాబట్టి వచ్చే సీజనుకు కేంద్రాలను ఈ.కోలై బ్యాక్టీరియాకు అప్పగించాలని సవినయంగా మనవి. పొడవు మిల్లీమీటరులో 500వ వంతు. చదువు లేదు, ట్యాబు లేదు. అది దాచే సరుకు ఇనుము. వడ్లు తడిస్తే మొలకలొస్తాయి, అంతే. విడిగా తిరిగే ఫెర్రస్ ఇనుముకు (ఇంకో ఎలక్ట్రాన్ ఇయ్యగల రూపం) హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే హైడ్రాక్సిల్ రాడికల్ అనే విధ్వంసక కణం పుట్టి డీఎన్‌ఏనే కోసేస్తుంది.

పెద్ద గోదాము ఫెరిటిన్ అనే ప్రొటీన్, 24 ముక్కల బోలు గుండు. దాని సంగతి అటుంచండి. అసలు పనిమంతురాలు 1992లో బయటపడ్డ డీపీఎస్ అనే చిన్న ప్రొటీన్ గుండు: 12 ముక్కలు, సుమారు 500 ఇనుము పరమాణువులు పడతాయి. తిండి కరువైతే బ్యాక్టీరియా దీన్ని ఎడాపెడా తయారుచేస్తుంది. ముక్కకూ ముక్కకూ అతుకు పడ్డచోట ఇనుము కూర్చుంటుంది. పెరాక్సైడ్ వచ్చి రెండు ఫెర్రస్ అయాన్ల నుంచి చెరో ఎలక్ట్రాన్ లాక్కుని వాటిని ఫెర్రిక్‌ చేసి తాను నీళ్లవుతుంది. రాడికల్ పుట్టదు. ఫెర్రిక్ లోపల తుప్పులా పేరుకుంటుంది.

ఇదే ప్రొటీన్ మన పద్ధతిలో నడిస్తే? పొద్దున్నే ఇనుము అయాన్ వచ్చి గుండుకున్న రంధ్రం ముందు నిలబడుతుంది. "గన్నీలు రాలే." పగటాల్ల "హమాలీలు లేరు." మాపటికి "లారీ లేకుంట కాంటా ఎట్ల పెడ్తం?" తెల్లారి ఇయ్యాల్సింది ఒక్క ఎలక్ట్రానే అయినా తరుగు కింద ఇంకోటి తెమ్మంటారు. అయాన్ ఆధార్ కార్డు వెతుక్కునేలోగా పెరాక్సైడ్ వాన మొదలు. డీఎన్‌ఏ మొత్తం వరదపాలు. కారణం: అకాల వర్షం.

డీపీఎస్ తోకల్లో లైసీన్లనే అమైనో ఆమ్లాలుంటాయి. వాటి ధనావేశం డీఎన్‌ఏ రుణావేశాన్ని పట్టేసుకుని, దాన్ని స్ఫటికంలా సర్ది కప్పేస్తుంది. ఆ కప్పడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

మన దగ్గర టార్పాలిన్ పట్టాకు సంతకం కావాలి! ఏప్రిల్‌లో రాళ్లవాన కొత్తదా? నాట్లేసిన నాడే కోత ఎప్పుడో తెల్వదా? 40 కిలోల బస్తాకు తరుగు కొయ్యడం యాదుంటది, పట్టా తెప్పించడం యాదుండదు. నల్లబడ్డ వడ్లు దోసిట్ల పట్టుకుని నిలబడ్డ ముసలామె ముందు తేమ మీటరు ఆడిస్తారా? సిగ్గుండాలె.

తిండి మళ్లీ దొరికినాక బ్యాక్టీరియా తన డీపీఎస్‌ను ఒక ఎంజైముతో తానే నమిలేసుకుంటుంది, ఇక పనిలేదని. మన కేంద్రాలకు టార్పాలిన్లు దిగేది సరిగ్గా అప్పుడే.