జొంగ్‌సొన్‌కి టూరిస్టులొస్తే చాలదు, ఆ డబ్బు ఊళ్ళో వాళ్ళకి చేరాలి

సౌత్ కొరియాలో గాంగ్‌వన్ ప్రావిన్స్ కొండల మధ్య జొంగ్‌సొన్ అనే కౌంటీ ఉంది, ఫొటోలు చూస్తే ఎవరికైనా వెళ్ళాలనిపిస్తుంది. శరదృతువులో మిండుంగ్‌సాన్ కొండంతా రెల్లుపూలు, మూతపడ్డ రైలు లైన్ మీద 7.2 కిలోమీటర్లు తొక్కుకుంటూ పోయే రైల్ బైక్, ఐదు రోజులకోసారి సంత. ఇన్ని ఉండి కూడా ఊళ్ళు ఖాళీ అయిపోతున్నాయి. 1970ల చివర్లో లక్ష దాటిన జనాభా ఇప్పుడు 40 వేలు కూడా లేదు.

అసలు ఇది బొగ్గు మీద బతికిన నేల. 1989 నుంచి ప్రభుత్వం గనులు మూయించడం మొదలుపెట్టింది, పనులు పోయాయి, 1995 మార్చిలో ఇక్కడి గోహన్, సాబుక్ ఊళ్ళ జనం రోడ్డెక్కితే అప్పుడు గనులు మూతపడ్డ ప్రాంతాల కోసం స్పెషల్ చట్టం వచ్చింది, దాంతో 2000లో కాంగ్‌వన్ ల్యాండ్ కాసినో తెరిచారు. దేశంలో కొరియన్లు ఆడగలిగేది ఈ ఒక్క కాసినోలోనే, అందుకే జనం వస్తారు, డబ్బూ వస్తుంది. కానీ సాబుక్ వీధుల్లో తాకట్టు షాపులు కూడా అలాగే వచ్చాయి, జూదంలో మునిగిన కుటుంబాల సంగతి ఏ టూరిజం లెక్కలోనూ కనపడదు.

తర్వాత 2018 వింటర్ ఒలింపిక్స్. డౌన్‌హిల్ స్కీయింగ్ కోసం జొంగ్‌సొన్‌లోని గారివాంగ్‌సాన్ కొండ మీద ఏళ్ళ తరబడి కాపాడుకున్న అడవిని నరికారు, ఆటలయ్యాక మళ్ళీ అడవి చేస్తామని మాటిచ్చారు. అయ్యాక మాత్రం కొండ మీదకి తీగల మీద తీసుకెళ్ళే గొండోలా ఉంచాలని లోకల్ వాళ్ళు గట్టిగా పట్టుబట్టారు, 2023లో అది కేబుల్ కార్‌గా టూరిస్టులకి తెరుచుకుంది. నా మటుకు ఇచ్చిన మాట నిలబెట్టుకోవాల్సిందే, అయితే గనులు పోగొట్టుకున్న వాళ్ళు చేతికందిన ఒక్క ఆధారాన్ని వదలమంటే ఎందుకు వదలరో కూడా నాకు అర్థమవుతుంది, వాళ్ళని తప్పుపట్టేముందు వాళ్ళకి ఇంకేం మిగిల్చారో చూడాలి కదా.

అందుకే నాకు వీటన్నిటికన్నా ముఖ్యమైనదిగా అనిపించేది ఇంకొకటి. ప్రభుత్వం 2026, 2027లో కొన్ని గ్రామీణ కౌంటీల్లో మనిషికి నెలకి లక్షా 50 వేల వాన్‌లు బేసిక్ ఇన్‌కమ్‌గా ఇచ్చే పైలట్ స్కీమ్ ప్రకటించింది, అందులో జొంగ్‌సొన్ ఉంది, తన వాటా డబ్బు కోసం కాసినో నడిపే కాంగ్‌వన్ ల్యాండ్‌లో తనకున్న షేర్ల మీద వచ్చే డివిడెండ్ వాడుకునేలా ప్లాన్ చేసుకుంది. టూరిజం సొమ్ము హోటళ్ళ దగ్గర ఆగకుండా నేరుగా ఇంటింటికీ వెళ్ళే దారి ఇదే, జూదం డబ్బు కదా అనే బాధ ఉన్నా సరే. రెండేళ్ళు చాలా తక్కువ, ఆ తర్వాత కూడా ఇస్తారన్న నమ్మకం ఉంటేనే కుర్రాళ్ళు సియోల్ వదిలి వచ్చి అక్కడ ఇల్లు చూసుకుంటారు.