శీఘ్రమేవ ఫెలోషిప్ ప్రాప్తిరస్తు

అమెరికాలో న్యూరాలజీ (మెదడు, నరాల వైద్యం) శిక్షణలో ఉన్న రెసిడెంటు డాక్టరుకు, ఆ పైన ఏ ఉపశాఖలో ఫెలోషిప్ (ప్రత్యేక శిక్షణ) చేయాలో తేల్చుకోవడానికి వ్యవధి కావాలని కొందరు వాదిస్తున్నారు. ఇది పెద్దల అనుభవానికి బొత్తిగా విరుద్ధం కనుక మొగ్గలోనే తుంచవలసిన వాదన.

నాలుగేళ్ల శిక్షణలో మొదటి ఏడు జనరల్ మెడిసిన్ వార్డుల్లో గడిచిపోతుంది. రెండో ఏడు రాత్రివేళ పక్షవాతం కేసుల వెంట పరుగులతో సరిపోతుంది. పార్కిన్సన్స్ రోగి నడకను తీరిగ్గా గమనించడం, కండరంలో సూది గుచ్చి ఈఎంజీ (కండరాల విద్యుత్ పరీక్ష) చప్పుడు వినడం చాలావరకు ఆ తర్వాతి ముచ్చట్లు. అయినా మూర్ఛలా, తలనొప్పులా, నరాల జబ్బులా అన్నది మూడో ఏట అడుగుపెట్టేసరికే చెప్పమంటే తప్పేముంది? పిల్లకు ఊహ తెలిసేదాకా ఆగితే సంబంధాలు కుదురుతాయా?

చాలా ఉపశాఖలు ఏళ్ల తరబడి ఈ ధర్మాన్నే నిష్ఠగా పాటించాయి. పక్క ఆసుపత్రివారు జూన్‌లో పిలుస్తారని తెలిస్తే మనం ఏప్రిల్‌లోనే పిలవాలి. ఫోన్‌లో సీటు ఇస్తామని చెప్పి, జవాబు రేపు సాయంత్రానికల్లా కావాలనాలి. తక్కిన ఇంటర్వ్యూలు ఇంకా కాలేదని అభ్యర్థి నసిగితే అతని చిత్తశుద్ధిని శంకించాలి. గుంటూరు నుంచో వరంగల్ నుంచో శిక్షణ కోసం ఇచ్చే జె-1 వీసా మీద వచ్చినవాడైతే నసగడు. రెండో ఫోన్ వస్తుందన్న నమ్మకం అతనికి ఉండదు. సొంత రెసిడెంటునే నిలబెట్టుకునే మేనరికం అన్నిటికంటే శ్రేష్ఠం. అప్పుడు పరాయివాళ్లను ఇంటర్వ్యూకు పిలిచేది సాక్షి సంతకాల కోసమే.

ఈ ఆచారం నిన్న మొన్నటిది కాదు. 1940లలో ఇంటర్న్‌ల నియామకం చదువు ముగియడానికి రెండేళ్ల ముందుకు జరిగింది; తేదీలు కట్టడి చేస్తే ఆ తొందరంతా గడువుల మీద పడి, 1945లో జవాబు చెప్పడానికి 10 రోజులున్న వ్యవధి 1949 నాటికి 12 గంటలైనా ఎక్కువేననిపించుకునే స్థితికి చేరింది. ఇంతటి ప్రగతిని 1952లో అభ్యర్థులనూ ఆసుపత్రులనూ జతపరిచే జాతీయ మ్యాచ్ వచ్చి పాడుచేసింది. ఇరుపక్షాలూ ఇష్టాల వరుస రాసిస్తే లెక్కే జత కలుపుతుందట! 1962లో గేల్, షాప్లీ అనే గణితవేత్తలు ఇలాంటి లెక్కనే వధూవరుల ఉదాహరణతో నిరూపించారు: దక్కినవారిని వదిలి లేచిపోవాలని పరస్పరం కోరుకునే జంట ఒక్కటీ మిగలదు. 1998లో ఆర్థికవేత్త ఆల్విన్ రాత్ సవరణతో అభ్యర్థి కోరికకే పెద్దపీట వేశారు. 2012లో రాత్‌కూ షాప్లీకీ ఆర్థికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. ఫెలోషిప్ డైరెక్టర్లను సంప్రదించి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

గ్యాస్ట్రోఎంటరాలజీవారు 1990ల చివర్లో మ్యాచ్‌ను కూలదోసుకుని కొన్నేళ్లు స్వేచ్ఛ అనుభవించి, 2006లో తలవంచుకుని తిరిగొచ్చారు. పొట్ట చూసేవారికి అంత నిబ్బరం లేకపోవచ్చు.

నా సవరణ ఒక్కటే. మూడో ఏటిదాకా కూడా ఆగనక్కర్లేదు; నరాల వైద్యులు రోగికి చేసినట్టే, ప్రసూతి గదిలోనే శిశువు అరికాలు గీకి చూడవచ్చు. బొటనవేలు పైకి లేస్తుంది. ఆ వయసులో అందరికీ అలాగే లేస్తుంది. దాన్నే అంగీకారంగా రాసుకోవచ్చు.