పాత ఫొటో కింద రాసిన వ్యాఖ్య గారికి

మహారాజశ్రీ వ్యాఖ్య గారికి నమస్కారాలు.

నిన్న మధ్యాహ్నమంతా తమరి సన్నిధిలోనే గడిచిపోయింది. పసిఫిక్ దీవుల మిషనరీ ఫొటోల్లో నేను వెతికింది రువతోకా కోసం. కుక్ దీవుల్లోని మంగైయాలో పుట్టి, 1870లలో పోర్ట్ మోర్స్‌బీ చేరి, 1903లో పోయేదాకా న్యూగినీలోనే క్రైస్తవం బోధించిన మనిషి. తమరు దయచేయించింది మాత్రం: ‘స్థానిక బోధకుడు, భార్య’. వేల కిలోమీటర్ల సముద్రం దాటి వచ్చినవాళ్లు కూడా తమరి లెక్కలో స్థానికులే!

తేదీ అడిగితే ‘సుమారు’ అంటారు, సరే. చర్చి హాళ్లలో చూపించి చందాలు పోగుచేయడానికి గాజు పలకల మీద పూసిన రంగుల సంగతీ వదిలేస్తాను.

కానీ మధ్యలో కుర్చీలో కూర్చున్న దొరగారి పేరు పొడి అక్షరాలతో, బిరుదుతో సహా ఎలా గుర్తుంది? వెనక లంగరు వేసిన ఓడ పేరు కూడా తెలుసే! జాన్ విలియమ్స్. 1839లో పసిఫిక్‌లోని ఎర్రొమాంగో దీవిలో హతుడైన మిషనరీ పేరు అది. 1823లో కుక్ దీవుల్లోని రారోటొంగా ఒడ్డున ఆయన కన్నా ముందు ఒంటరిగా దిగిన బోధకుడు, రయతేయా దీవి మనిషి పపేయిహా పేరు ఏ ఓడకు పెట్టారు?

ఈ ఫొటోలో బోధకుడి కోటు చేతులు మణికట్టు దాకా రావడం లేదు. భార్యకు మెడ నుంచి మడమల దాకా తెల్ల గౌను. పక్కన కుర్రవాడు కదిలినట్టున్నాడు, ముఖం రెండుగా పడింది. ఇంత కనిపిస్తోంది, ఒక్క పేరూ లేదు.

ఆ రోజుల్లో రాసుకునే అలవాటు లేదంటారా? 1903 నుంచి మద్రాసులో ఓడెక్కించి ఫిజీ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా పంపిన మనవాళ్ల ప్రయాణ పాసుల మీద పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఎత్తు, ఒంటిమీది మచ్చ కూడా రాశారు. పారిపోతే పట్టుకోవాలి కదా. బోధకుడు పారిపోడని తమరికి నమ్మకం కాబోలు.

ఇక మర్యాద నా వల్ల కాదు. 1878లో న్యూగినీ పక్కనున్న న్యూబ్రిటన్ దీవిలో నలుగురు ఫిజీ బోధకులను చంపేశారు. అలాంటి చోట్లకు తెలిసే వెళ్లినవాళ్లు వీళ్లు. నీకు మాత్రం దొర పక్కన నిలబెట్టిన సామాను! పేరు తెలియకపోతే ‘అడగలేదు’ అని రాయి. చోటు చాలదనకు. దొరగారి బిరుదు తీసేస్తే మొగుడూ పెళ్లాలిద్దరి పేర్లూ దర్జాగా పడతాయి.