బాబాయ్, ముందు ఆ కారం డబ్బా కింద పెట్టండి

"వీధికుక్కను దత్తత తీసుకునే ముందు ఈ ఏడు నిజాలు తెలుసుకోండి" అన్న మెసేజ్ ఈ నెలలో నాకు పదకొండు సార్లు వచ్చింది. స్కూలు ఫ్రెండ్స్ పంపారు, అపార్ట్‌మెంట్ గ్రూపులో నాలుగు సార్లు తిరిగింది. పదిసార్లూ నోరు మూసుకున్నాను. పదకొండోసారి పంపింది మా బాబాయి, కింద "నీ మంచి కోరి" అని కూడా రాశారు. అందుకే ఇది ఆయనకే రాస్తున్నాను.

తేలికవి ముందు తేల్చేద్దాం. కుక్క ఉన్న ఇంట లక్ష్మి నిలవదట. కుక్క రాకముందు కూడా నిలవలేదు బాబాయ్, మా ఈఎంఐలు అలాంటివి. ధర్మరాజు వెంట స్వర్గం గుమ్మం దాకా నడిచింది ఎవరో మీకు నేను చెప్పాలా? కుక్క వెంట్రుక మింగితే పిల్లలకు ఆపరేషనేనట. మింగిన వెంట్రుక మర్నాడు ఎలా బయటికొస్తుందో పిల్లల్ని పెంచిన ఏ తల్లినడిగినా చెబుతుంది.

కాపలాకు జాతి కుక్కే పనికొస్తుందట. మన మే నెల ఎండకి హస్కీ ఏసీ గదిలో నాలుక బయటపెట్టి పడుకుంటుంది, దానికే ఎవరో ఒకరు కాపలా ఉండాలి. పశ్చిమ బెంగాల్ పోలీసులైతే ఆశ అనే వీధికుక్కకి బాంబులు పసిగట్టడం నేర్పారు. ఇంకో సంగతి, రెస్క్యూ కుక్కలంటే అన్నీ వీధివే కావు. నేను ఫాస్టర్ చేసినవాటిలో, అంటే శాశ్వతంగా తీసుకునేవాళ్లు దొరికేదాకా మా ఇంట్లో ఉంచుకున్నవాటిలో, రెండు లాబ్రడార్లు. ఒకదాని యజమానులు ఇల్లు మారుతూ సామానంతా లారీకి ఎక్కించి, దాన్ని మాత్రం గేటుకు కట్టేసి వెళ్లిపోయారు. అది మూడు రోజులు ఆ గేటు వైపే చూస్తూ కూర్చుంది. జాతి గొప్పదే, మరి మనుషుల జాతి?

ఇక అసలు విషయం. మెసేజ్‌లో రెండో పాయింటు: వీధికుక్కలన్నింటికీ రేబిస్ ఉంటుంది. మూడోది: కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు, ఆ బాధ లేకుండా గాయానికి కారం, సున్నం పట్టించి పది రోజులు కుక్కను గమనించండి, అది బతికుంటే టీకా అక్కర్లేదు.

బాబాయ్, మిగతా పాయింట్లకు నవ్వొచ్చింది. దీనికి భయం వేసింది. కుక్కను తెచ్చుకోవద్దని చెప్పే మెసేజ్ వల్ల ఒకరింట్లో కుక్క తగ్గితే తగ్గనీ. ఈ మూడో పాయింటు వల్ల మనిషే తగ్గుతారు.

రేబిస్ లక్షణాలు మొదలైన కుక్క సాధారణంగా పది రోజుల్లోపే చనిపోతుంది. ఆ పది రోజుల లెక్క పుట్టింది అక్కడి నుంచే. అన్నింటికీ రేబిస్ ఉంటే మా వీధి చివర టీకొట్టు దగ్గర తొమ్మిదేళ్లుగా బన్నులు తింటున్న ముసలిది ఏ దేవుడి వరంతో బతికుందో! కుక్కను పది రోజులు గమనించమని డాక్టర్లూ చెబుతారు, కానీ టీకా మొదలుపెట్టి గమనించమంటారు. కుక్క బాగానే ఉందని తేలాక డాక్టరు చెబితే మిగతా డోసులు ఆపొచ్చు. టీకా మానేసి కుక్క ముఖం చూస్తూ కూర్చోవడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే. మనిషిలో ఈ జబ్బు బయటపడడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది. బయటపడ్డాక బతికినవాళ్లు దాదాపు లేరు.

ఆ 14 ఇంజెక్షన్లు మీ చిన్నప్పటివి. గొర్రె మెదడుతో చేసే ఆ పాత మందును మన దేశంలో ఆపేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడిచ్చేది భుజానికి. కండలోకైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో ఐదు, చర్మంలోకైతే 0, 3, 7, 28 రోజుల్లో నాలుగు విడతలు. గాయం నుంచి రక్తం వస్తే గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేయడం మొదలయ్యేదాకా వైరస్‌ను అడ్డుకునే మందు) కూడా ఇస్తారు. మన హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంకి (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అనే ప్రభుత్వ సంస్థకి) వెళ్తే టీకా వేస్తారు. అంతకుముందు ఇంట్లో చేయాల్సిందల్లా కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగడం. ఆ వైరస్ పైపొర కొవ్వుది, సబ్బుకి కరుగుతుంది. కారానికి కరగదు. కారం మామిడికాయ ముక్కలకి బాబాయ్, గాయాలకి కాదు. కుక్కపిల్లే కదా అని కూడా వదిలెయ్యకండి, కుక్కపిల్లలకీ రేబిస్ వస్తుంది. ఇంట్లో పెంచే కుక్కకి మూడు నెలల వయసులో టీకా వేయించి, తర్వాత ఏటా వేయిస్తే ఆ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది.

కుక్క తోక వంకర పోదు, పెద్ద కుక్క అలవాట్లు మారవు అన్నది ఐదో పాయింటు. వంకర పోలేదు, ఒప్పుకుంటాను. మా దాని తోక గుండ్రంగా చుట్టుకుని ఉంటుందనే జంతిక అని పేరు పెట్టాం. నాలుగేళ్ల వయసులో వచ్చింది, వెనక కాలు బైకు గుద్ది విరిగింది. ఐదు రోజులు మంచం కింద నుంచి రాలేదు. ఆరో రోజు సాయంత్రం నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే మెల్లగా వచ్చి నా పాదం మీద గడ్డం ఆనించింది. కాలు తిమ్మిరెక్కినా కదపలేదు నేను. కుక్కంటే ఆమడ దూరం పోయే మా అత్తయ్య ఇప్పుడు పెరుగన్నం కలిపితే మొదటి ముద్ద దానికే.

ఏడో పాయింటు: "జాలిపడి తెచ్చుకోకండి." ఇది రాసినవాళ్లు ఎందుకు రాశారో గానీ, నిజం. నా మొదటి ఫాస్టర్‌ని జాలితోనే తెచ్చాను. పొద్దున ఎనిమిదికి తాళం వేస్తే రాత్రి ఎనిమిదికి తీసే ఇల్లు మాది. పదకొండో రోజు తిరిగి అప్పగించాను. ఆటో ఎక్కేటప్పుడు అది షికారనుకుని తోకాడించింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల కేసులో, దత్తత తీసుకోవచ్చు కానీ ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకూడదు అంది. నాకు ఆ షరతు సబబే అనిపించింది. కుక్కలంటే జనం భయం కూడా ఉత్తుత్తిది కాదు. 2023లో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు ఒక పసివాణ్ణి కరిచి చంపడం చూశాక అలా అనే నోరు నాకు లేదు.

ఈ వారం మా ఇంట్లో రెండు నెలల పిల్లలు రెండున్నాయి. తీసుకునేవాళ్లు దొరికారు, గురువారం ఈ వయసుకు వేసే వేరే టీకా వేయించి పంపిస్తాను, రేబిస్‌ది మూడో నెలలో. కోపమొస్తే ఫోన్ చేయండి బాబాయ్. ఎత్తకపోతే మరోలా అనుకోకండి, ఎడమకాలి చెప్పు పొద్దుటి నుంచి కనిపించడం లేదు.