చెత్తే కదా, ఊరికే వచ్చిందే కదా!

క్రోషే అంటే కొక్కెంలాంటి హుక్‌తో లూపులోంచి లూపు లాగుతూ చేసే అల్లిక. అలా ప్లాస్టిక్ సంచులతో అల్లిన బుట్టయినా, రాగి తీగతో అల్లిన జెల్లీచేపయినా, పాత క్యాసెట్ టేపుతో అల్లిన శాలువా అయినా, ధర చీటీ తిరగేసిన ప్రతి మేధావీ ఒకటే మాట అంటాడు: "సరుకు ఊరికే వచ్చిందేగా, దీనికింతా?" ఆ ఆర్థిక జ్ఞానానికి ముందుగా ఓ నమస్కారం. ఇప్పుడు ఊరికే వచ్చిన ఆ సరుకు సంగతి చూద్దాం.

సంచిని చదునుగా పరిచి, చెవులూ అడుగు అతుకూ కత్తిరించెయ్యాలి. మిగిలిన గొట్టాన్ని మడతపెట్టి అడ్డంగా మూడేసి సెంటీమీటర్ల చొప్పున కోస్తే ఒక్కో ముక్కా ఒక వలయం. వలయంలోంచి వలయం దూర్చి ముడి బిగిస్తూ పోతే తాడు. ఓ మోస్తరు సంచికి పది పన్నెండు వలయాలొస్తాయి, ముడులు పోను మూడు మీటర్లు దక్కుతుంది. మనిషి పడుకునే చాపకు ఇలాంటి సంచులు వందల్లో కావాలి. ముడి మరీ బిగించారా, పట్టీ అక్కడే సాగి తెగుతుంది. వదులుగా వదిలారా, 8 మి.మీ. హుక్ కూడా పోయి దాంట్లోనే ఇరుక్కుంటుంది. తొందరగా శిథిలమయ్యే రకం సంచి ఒకటి పొరపాటున కలిస్తే కొన్నాళ్లకు సరిగ్గా ఆ వరసే పొట్టులా రాలిపోతుంది, దాంతోపాటు పైవరసలూ జారతాయి.

క్యాసెట్ టేపు వెడల్పు 4 మి.మీ. కూడా ఉండదు. లాగితే సాగుతుంది, సాగితే మెలిపడుతుంది. వేళ్లకు అంటే గోధుమరంగు పొడి అదనం.

తీగది ఇంకో కథ. 28 గేజ్ రాగి తీగ మందం మిల్లీమీటరులో మూడో వంతు. ఊలయితే తప్పుపోయిన వరసను లాగేసి మళ్లీ అల్లుకోవచ్చు. రాగి వంచినకొద్దీ గట్టిపడుతుంది. విప్పి, సాపుచేసి, మళ్లీ వంచితే పుటుక్కుమంటుంది. అందుకే ప్రతి కుట్టూ మొదటిసారే కుదరాలి. లూపు వదులుగా ఉండాలి, ఊలును లాగినట్టు లాగి బిగించకూడదు. కొసను లోపలికి తిప్పడం మరిచిపోతే ఆ సంగతి వేలే గుర్తుచేస్తుంది.

ఇంత విన్నా సందేహం తీరనివారి కోసం ఒక ప్రతిపాదన: ప్రతి ప్రదర్శనశాల గుమ్మంలోనూ పాతసామాన్ల కాటా పెట్టాలి. జెల్లీచేపను ఎక్కిస్తారు. కాళ్లు కాటా దిగి నేలకు ఆనుతాయి, వాటి బరువు లెక్కలోకి వస్తుందా రాదా అని గంటసేపు చర్చ. క్రోషే అంటేనే సగం కన్నాలు కనుక కన్నాలకు తరుగు తీసెయ్యాలని కొనేవారు పట్టుబడతారు. బుట్ట కొనదలచినవారు డబ్బుకు బదులు అంతే బరువు సంచులు తెచ్చి పోస్తారు, "ఇవి ఇంకా కొత్తవండీ, చిల్లర ఇప్పించండి" అంటారు. గుమాస్తా రసీదు రాస్తాడు. తెలివైన కళాకారులు మరుసటి ఏడాదికల్లా జెల్లీచేప పొట్టలో ఇసుక నింపుతారు, ఆపై ఏడాది ఏకంగా ఇనపగొలుసులే అల్లుతారు. కళ బరువెక్కిందని విమర్శకులు చప్పట్లు కొడతారు.

అమెరికన్ శిల్పి రూత్ అసావా 1947లో మెక్సికోలోని తొలూకాలో తీగబుట్టలు అల్లేవాళ్ల దగ్గర ఆ లూపుల అల్లిక నేర్చుకుంది. హుక్ కూడా లేదు, చేత్తోనే. గోళంలో గోళం, దానిలో ఇంకో గోళం, తెగని తీగతో పైకప్పు నుంచి వేలాడేలా అల్లితే 1950ల్లో విమర్శకులు దాన్ని ఆడవాళ్ల ఇంటిపని గాటన కట్టేశారు. ఆమె 2013లో పోయింది. 2020లో ఆమె తీగ శిల్పం ఒకటి వేలంలో 50 లక్షల డాలర్లు దాటింది. అప్పుడు తీగ ధరెంతని ఒక్కడూ అడగలేదే! ఏం, రాగి రేటు పెరిగిందా? 1950ల్లో చేతిపని, 2020లో మహాకళ. సిగ్గుండాలి.

ఇంకోటి కూడా విని పొండి. నిజమైన క్రోషే అల్లే యంత్రం ఇంతవరకూ మార్కెట్లో లేదు. క్రోషే మిషన్ అని పేరుపెట్టినవి చేసేది వేరే అల్లిక. అంటే, అరగంట కూలికి కూడా సరిపోని ధరకు దుకాణంలో అసలు క్రోషే జాకెట్టు వేలాడుతోందంటే, దాన్నీ ఎవరో ఒక్కో కుట్టూ చేత్తోనే వేశారు. ఆ చేతికి ఎంత ముట్టిందో అక్కడ అడగండి. అడగరు. ఇంకాస్త తగ్గించమని బేరమాడతారు.