సాయంత్రం ఆరున్నర కాఫీ గారికి ఒక నిద్రలేనివాడి విన్నపం

మహారాజశ్రీ సాయంత్రం ఆరున్నర గంటల ఫిల్టరు కాఫీ గారి సముఖానికి, బెజవాడ సత్యనారాయణపురం నుంచి ముప్పై ఏళ్ల విశ్వాసపాత్రుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. అయితే తమరు నా రక్తంలో ఇప్పటికీ కులాసాగా తిరుగుతున్న సంగతి నాకు తెలుస్తూనే ఉంది కనుక తమ క్షేమం అడగనక్కర్లేదు. నా క్షేమం సంగతి చెప్పుకోవడానికే రాత్రి ఒంటిగంట పది నిమిషాలకు, ఇంటిల్లిపాదీ గుర్రుపెట్టి నిద్రపోతుండగా, వంటింట్లో దీపం వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

తమ అన్నగారైన ఉదయం కాఫీ మీద నాకు ఎలాంటి ఫిర్యాదూ లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. ఆయన పొద్దున్నే వస్తారు, చేయవలసిన పని చేస్తారు, రాత్రి నేను పక్క వేసుకునే వేళకు చాలావరకు సెలవు పుచ్చుకుని వెళ్లిపోతారు. తమరు మాత్రం చీకటి పడ్డాక గుమ్మం తొక్కిన చుట్టంలా తెల్లవార్లూ కదలరు.

తమ మీద అనుమానం రావడానికి నాకు ఏళ్లు పట్టింది. ఈలోగా నిరపరాధులు ఎందరికో శిక్షలు పడ్డాయి. మొదట దోమలను అనుమానించి కిటికీలన్నిటికీ జాలీలు కొట్టించాను. తరవాత ఫ్యాను కీచుమంటోందని కొత్త ఫ్యాను బిగించాను. నడుము దగ్గర కుంగిందన్న నేరం మోపి, పన్నెండేళ్లు సేవ చేసిన దూదిపరుపును వదిలించుకుని, ఇరవై నాలుగు వేలు పోసి, పదేళ్ల గ్యారంటీ ఉన్న కొత్త పరుపు తెచ్చాను. దాని మీద పాతదానికంటే సౌకర్యంగా మేలుకుని ఉన్నాను. చివరికి మంచం తల ఉత్తరం వైపు ఉందని వాస్తు తెలిసినాయన ఒకరు తేల్చితే, బీరువా జరిపి, మంచం తిప్పి, అదే చీకట్లో అదే పైకప్పును ఇంకో దిక్కు నుంచి చూశాను. ఇన్ని విచారణల్లోనూ తమరు సాక్షిగా కూడా హాజరు కాలేదు. పైగా ప్రతి విచారణకూ ముందు, బుర్ర చురుగ్గా పనిచేయడానికని, నేనే తమరిని ఒక గ్లాసు పుచ్చుకుని మరీ కూర్చునేవాణ్ణి.

గుట్టు రట్టయింది కోనసీమలో. మొన్న సంక్రాంతికి అమలాపురం దగ్గర మా పిన్ని ఇంట్లో ఐదు రోజులు ఉన్నాం. పిన్నికి ఎనభై రెండేళ్లు. దీపాలు పెట్టే వేళకు ఆవిడ ఉన్న పాలన్నీ తోడు పెట్టేస్తుంది. తోడు పెట్టిన పాలను కాఫీకి అడిగే ధైర్యం మా వంశంలో ఎవరికీ లేదు. ఆరున్నరకు నేను వంటింటి గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే, "ఈ వేళప్పుడు కాఫీ ఏమిటిరా నాన్నా, ఇంకో అరగంటలో అన్నం తిందువు గానీ, కాళ్లు కడుక్కో" అంది. ఏడున్నరకల్లా ఆనపకాయ పులుసూ పెరుగన్నంతో భోజనం అయిపోయింది. తొమ్మిదిన్నరకు వసారాలో నులకమంచం మీద నడుం వాల్చినవాణ్ణి, పందెం కోళ్లు కూసినా లేవలేదు. ఐదు రోజులూ అంతే. ఇదంతా గోదావరి గాలి మహిమ అని తిరుగు ప్రయాణంలో రావులపాలెం దాకా ఉపన్యసించాను. "గాలీ కాదు, ధూళీ కాదు, అక్కడ మీకు సాయంత్రం కాఫీ పడలేదు" అని మా ఆవిడ కారు కిటికీలోంచి అరటితోటలు చూస్తూనే తీర్పు చెప్పేసింది.

అప్పటి నుంచి తమ పుట్టుపూర్వోత్తరాలు చదువుతున్నాను. మనిషి మేలుకున్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పోగవుతూ ఉంటుంది. అది తనకు కేటాయించిన గ్రాహకాల మీద కూర్చుంటే మనకు కళ్లు బరువెక్కుతాయి. తమలోని కెఫీన్ రూపురేఖల్లో అడినోసిన్‌కు దగ్గరి చుట్టం. పండగ రద్దీలో పల్లెవెలుగు బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టే పెద్దమనిషిలా, అది ముందే వెళ్లి ఆ సీట్లలో కూర్చుంటుంది. అసలు ప్రయాణికులు నిలబడే ఉంటారు, వెనక నుంచి ఇంకా ఎక్కుతూనే ఉంటారు, కానీ సీట్లో ఉన్నది వేరొకరు కనుక నిద్ర వేళయిందన్న కబురు మెదడుకు అందదు. అంటే తమరు ఇన్నేళ్లుగా నాకు శక్తి ఇస్తున్నారని నేను అనుకున్నది వట్టి భ్రమ. అలసట ఫిర్యాదు చేసుకునే కిటికీని తమరు మూసేస్తున్నారు, అంతే.

భారత వైద్య పరిశోధన మండలికి చెందిన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాల్లో తమ జాతకం అంకెలతో సహా ఉంది. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120 మిల్లీగ్రాముల కెఫీన్, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 ఉంటాయి. రోజు మొత్తం మీద 300 దాటవద్దని వారి సలహా. మా ఇంటి స్టీలు గ్లాసు 150 దగ్గర ఆగే రకం కాదు గానీ, మర్యాదకు తమ వాటా 100 అనుకుందాం. ఒంట్లో చేరిన కెఫీన్ సగానికి తగ్గడానికి, మనిషిని బట్టి కొంత అటూ ఇటూగా, సుమారు ఐదు గంటలు పడుతుంది. ఆ లెక్కన ఆరున్నరకు 100 పుచ్చుకుంటే, పదకొండున్నరకు నేను దీపం ఆర్పేటప్పుడు ఇంకా 50 మిగిలే ఉంటుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు, గుళ్లో సుప్రభాతం వేసే వేళకు కూడా 25 ఉంటుంది. పడుకోబోయే ముందు ఎవరైనా టీ ఇస్తే "ఈ వేళప్పుడా, నిద్ర పట్టదండీ" అని చేతులు జోడించే నేను, లెక్క ప్రకారం రోజూ ఒక టీ తాగి మరీ పడుకుంటున్నానన్నమాట.

2013లో అమెరికా పరిశోధకులు కొందరికి పడుకోవడానికి ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాముల కెఫీన్ ఇచ్చి చూస్తే, గంటకు పైగా నిద్ర తగ్గింది. అది నాలుగు గ్లాసుల పెట్టు కనుక ఆ నేరమంతా తమ ఒక్కరి మీదే మోపడం న్యాయం కాదని ఒప్పుకుంటాను. నన్ను భయపెట్టింది వేరే సంగతి: పోయిన ఆ నిద్రను నిద్ర కొలిచే పరికరం పట్టుకుంది గానీ, పోగొట్టుకున్నవాళ్లు సరిగా గుర్తించలేకపోయారు. చొక్కా నలగకుండా జేబు కత్తిరించే హస్తవాసి తమది.

ఇక తమ వడ్డీ వ్యాపారం సంగతి. 2015లో రాష్ట్రమంతా మారుమోగిన అధిక వడ్డీల కాల్‌మనీ వ్యవహారం మా ఊరిదే కనుక ఈ విద్యలో మాకు కొంత ప్రవేశం ఉంది. అయినా ఆ వ్యాపారులు తమ దగ్గర శిష్యరికం చేయవచ్చు. సాయంత్రం ఆరున్నరకు గంటన్నర హుషారు అప్పు ఇస్తారు. రాత్రి రెండు గంటల నిద్ర వడ్డీ కింద కోసుకుంటారు. పొద్దున తల దిమ్మెక్కి ఉంటుంది. ఆ దిమ్ము దిగడానికి తమ అన్నగారి దగ్గర చేబదులు. అరకొర నిద్రతో సాయంత్రానికి మళ్లీ కళ్లు వాలిపోతాయి కనుక మళ్లీ తమ గుమ్మమే గతి. ముప్పై ఏళ్లుగా నేను కడుతున్నది వడ్డీయే, అసలు అలాగే ఉంది.

తమరు ఒంటరిగా దయచేస్తే కొంత నయం. వెంట పకోడీలను తీసుకొస్తారు. ఆరున్నరకు పకోడీలు దిగాక ఎనిమిదికి ఆకలి వేయదు, పదింటికి వేస్తుంది. పదింటికి గోంగూర పచ్చడి, నంజుకోవడానికి ఉల్లిపాయ, ముద్దపప్పులో ఆవకాయ, దాని మీద నెయ్యి. అంతా లాగించి పదకొండున్నరకు వెల్లకిలా పడుకుంటే, పొట్టలోనే ఉండవలసిన ఆమ్లం గొంతు దాకా షికారుకు వస్తుంది. పక్క ఎక్కడానికి రెండు మూడు గంటల ముందే తినడం ముగించాలని నాకు డాక్టరు ఫీజు పుచ్చుకుని చెప్పారు. మా పిన్ని ఊరికే చెప్పింది. నా అవస్థ చూడలేక మా బావమరిది, ఒక పెగ్గు వేసుకుంటే హాయిగా నిద్ర పడుతుందని సలహా ఇచ్చాడు. మద్యం త్వరగా పడగొట్టే మాట నిజమే గానీ, మత్తు దిగేకొద్దీ రాత్రి రెండో సగంలో నిద్ర ముక్కలవుతుంది. మా ఇంటికి వచ్చినప్పుడల్లా రాత్రి మూడింటికి వంటింట్లో మంచినీళ్ల కోసం తడుముకుంటూ కనిపించేది ఆయనే. ఆ వేళకు మేలుకుని ఆయనను చూసేది ఎవరో చెప్పనక్కర్లేదు.

తమతో తెగదెంపులకు ప్రయత్నించలేదని అనుకోవద్దు. ఫిబ్రవరిలో ఒక సోమవారం ఆవేశపడి అన్నదమ్ములిద్దరినీ ఒకేసారి మానేశాను. మంగళవారం మధ్యాహ్నానికి కణతల మీద రోకలిపోట్లు మొదలయ్యాయి. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే వచ్చే తలనొప్పి అది. బుధవారం సాయంత్రం తమరే విచ్చేసి అరగంటలో నయం చేశారు. రాయి విసిరినవాడే కట్టు కట్టి మెప్పు పొందడం తమ దగ్గరే చూశాను. ఆ మీదట రెండో డికాక్షన్‌తో కలపమని రాజీకి వస్తే, అది కాఫీ కాదు, గ్లాసు కడిగిన నీళ్లని మా మామగారు తీసిపారేశారు. ఆయనకేం, రాత్రి తొమ్మిదిన్నరకు తమరిని సేవించి పదింటికి గుర్రు మొదలుపెడతారు. కెఫీన్‌ను విరిచే కాలేయపు ఎంజైము కొందరిలో చురుగ్గా, కొందరిలో నింపాదిగా పనిచేస్తుంది. అందులో చాలావరకు పుట్టుకతో వచ్చేదే. ఆయనది ఎక్స్‌ప్రెస్ కాలేయం. నాది ప్రతి స్టేషనులోనూ ఆగే పాసింజరు. మా పెళ్లినాడు జాతకాలన్నీ చూశారు గానీ ఈ పొంతన ఎవరూ చూడలేదు.

కనుక నా మనవి ఒక్కటే. దర్శనం మానుకోలేను, వేళ మార్చుకోండి. మధ్యాహ్నం రెండున్నరకు దయచేస్తే పదకొండున్నరకు తమ నిల్వ 30 లోపుకు వస్తుంది, పకోడీలకు అది వేళ కాదు, ఎనిమిదికల్లా ఆకలి వేస్తుంది. ఆ వేళ ఆఫీసులో దొరికేది మిషను కాఫీయే. దాన్ని తమ వంశంలో కలపడం మహాపరాధమని తెలుసు కనుక, ఫ్లాస్కులో తమరినే మోసుకుపోతాను.

రెండు కావస్తోంది. ఎలాగూ మేలుకునే ఉన్నాను కదా, పొద్దున మా ఆవిడకు శ్రమ తప్పుతుందని, ఫిల్టరు పై గిన్నెలో మూడు చెంచాల పొడి వేసి వేడినీళ్లు పోసి వచ్చాను. తొలి డికాక్షన్ కింది గిన్నెలోకి చుక్క చుక్కగా దిగుతున్న చప్పుడు ఇక్కడికి వినబడుతోంది. అది తమ అన్నగారి కోసం, తమరు పొరబడవద్దు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: వాసన ఎలా ఉందో చూద్దామని మూత ఒక్కసారి తీశాను, అంతే.